సున్నా వచ్చినవాళ్ళ చుట్టం

ఎక్కడ ఏ పోటీ జరిగినా లోవరాజుకి ఆఖరున వచ్చినవాడి తరఫున కోపం వచ్చేది. అలాంటిలాంటి కోపం కాదు, అన్నం సయించని కోపం. గెలిచినవాడెవడని అడిగితే, "ఎవడో ఒకడు గెలిచే ఉంటాడ్లే" అనేసేవాడు. ఓడినవాడి ఊరూ పేరూ మాత్రం ఏళ్ళ తరబడి అతని నాలుక మీదే ఉండేవి. టీవీలో ఒంటెల పందెం వస్తే ముందు పరుగెత్తేవాటిని వదిలేసి, "వెనకాల ఒకటి పడతా లేస్తా వస్తుంటదే పాపం, దాన్ని చూపించడేటీ కెమెరావోడు?" అని తెర పక్కకి వంగి తొంగిచూసేవాడు.

ఈ జబ్బు సంగతి అతని భార్య నాగేశ్వరికి పెళ్ళైన కొత్తలోనే తెలిసింది. అప్పుడు తుని దగ్గర పల్లెలో ఉండేవారు. కబడ్డీ పోటీలు చూసొస్తానని వెళ్ళిన మనిషి, ఓడిపోయిన జట్టు మొత్తాన్ని భోజనానికి వెంటబెట్టుకొచ్చాడు. ఒళ్ళంతా మట్టి, వాచిన మోకాళ్ళు, వేలాడేసిన మొహాలు. అంతమంది వరసగా గుమ్మంలో నిలబడితే కొత్త పెళ్ళికూతురు బియ్యం డబ్బా మూత తీసి చూసుకుంది.

"ఇంతమందికి ఇప్పుడు నేనేటి వండనండీ?"

"ఏదో ఒకటి వండవే. ఓడిపోయి ఆకలి మీదున్నారు."

"గెలిచినోళ్ళకి ఆకలుండదేటి?"

"వాళ్ళకి ఎవరో ఒకరు పెడతారే. వీళ్ళకెవరు పెడతారు?"

ఆ మాటకి మరింత ఒళ్ళుమండి ఆమె పప్పులో కారం దండిగా వేసింది. జట్టంతా ముక్కులు ఎగబీల్చుకుంటూ తిని, "వదినగారి చేతి వంట అమృతం" అని పొగిడి వెళ్ళింది.

సముద్రం దాటితే తగ్గుతుందని ఆశపడింది నాగేశ్వరి. కువైట్ యుద్ధానికి ముందు ఇద్దరూ బహ్రెయిన్ వచ్చారు. హూరాలో ఒక అయిదంతస్తుల బిల్డింగుకి లోవరాజు వాచ్‌మన్. అదే బిల్డింగులో ఫ్లాట్లు తుడిచి, గిన్నెలు కడిగే పని నాగేశ్వరిది. లిఫ్టు పక్కన ఒక గది. పోటీలు లేని చోటు, మనిషి బాగుపడతాడు అనుకుంది. బాగుపడలేదు సరికదా, అతని కోపం అంతర్జాతీయ స్థాయికి ఎదిగింది.

దానికి కారణం మూడో అంతస్తు మౌరీన్ మేడం. ఐర్లాండ్ మనిషి, నర్సు. పెళ్ళి చేసుకోలేదు. ఆవిడకి యూరోవిజన్ పాటల పోటీ అంటే ప్రాణం. ఏటా మే నెలలో పోటీ అవగానే ఐర్లాండ్‌లో ఉన్న చెల్లెలు దాన్ని టీవీలోంచి రికార్డు చేసి, ఇటు వచ్చేవాళ్ళ చేతికిచ్చి కేసెట్టు పంపేది. కేసెట్టు వచ్చిన శుక్రవారం మధ్యాహ్నం మౌరీన్ ఇంట్లో పండగ. బిల్డింగులో ఉన్న తెల్లవాళ్ళందరూ వచ్చేవారు. నాగేశ్వరి మిరపకాయ బజ్జీలు వేసేది. వాటిని పైకి మోసుకొచ్చిన లోవరాజుని, "నువ్వూ కూర్చో" అంది మౌరీన్ ఒక ఏడాది. అక్కడ మొదలైంది.

ఆ పోటీ సంగతి మౌరీనే వచ్చీరాని హిందీలో చెప్పింది. పెద్ద యుద్ధంలో ఒకరినొకరు చంపుకున్న దేశాలన్నీ ఒకే రాత్రి ఒకే కార్యక్రమం చూస్తే బాగుంటుందని టీవీవాళ్ళు మొదలుపెట్టారట. మొదటి ఏడాది ఏడు దేశాలు. ఇప్పుడు ఇరవై దాటాయి. ఒక్కో దేశం తలా ఒక పాట పంపుతుంది, ఎవరి భాషలో వాళ్ళు. తర్వాత ఒక్కో దేశం తనకి నచ్చిన పది పాటలకి మార్కులిస్తుంది. అన్నిటికంటే నచ్చినదానికి పన్నెండు. తన పాటకి తను ఇచ్చుకోకూడదు.

"మంచి పద్ధతి మేడం" అన్నాడు లోవరాజు. పాటలు మొదలయ్యాయి. మూడో పాటకి అతను గోడకి చేరగిలబడి గురకపెట్టాడు.

నాగేశ్వరికి తల కొట్టేసినట్టయింది. గిల్లింది. "పాటలయ్యాక లేపే" అని అటు తిరిగాడు. లోవరాజుకి పాటలు పడవన్న సంగతి ఆమెకి తెలియనిది కాదు. తెలుగు పాటైనా, హిందీ పాటైనా, ఏదైనా అతనికి ఒకటే మోత. కానీ మార్కులు చదవడం మొదలయ్యేసరికి మనిషి నిటారుగా లేచి కూర్చున్నాడు. మార్కుల బోర్డు మీద ఒక దేశం పక్కన సున్నా, అలాగే కదలకుండా ఉంది. ఆస్ట్రియా. అది తొంభై ఒకటో సంవత్సరం.

"ఇదేటి మేడం, ఈళ్ళకి ఎవరూ ఏమీ ఇవ్వరేటి?"

"చూద్దాం ఉండు."

చూశారు. ఆఖరి దేశం దాకా చూశారు. సున్నా సున్నాగానే ఉండిపోయింది. పైన ఇంకెవరో ఇద్దరికి మార్కులు సమానం అయ్యాయని, స్వీడన్ గెలిచిందా, ఫ్రాన్స్ గెలిచిందా అని గదంతా గోలగోలగా ఉంది. లోవరాజు మాత్రం బజ్జీ ముట్టుకోలేదు.

"సున్నా ఎలాగ వేస్తారు మేడం, మనుషులు కారేటి వీళ్ళు?"

"సున్నా ఎవరూ వెయ్యరు, లోవరాజ్. ఇవ్వలేదు, అంతే."

"అది ఇంకా ఘోరం కదండీ!"

ఆ వారమంతా ఆస్ట్రియా కోసం మథనపడ్డాడు. ఆస్ట్రియా అంటే ఆస్ట్రేలియానా అని నాగేశ్వరి అడిగితే, "ఏదైతేనేం, సున్నా సున్నాయే కదా" అన్నాడు.

తర్వాత మూడేళ్ళు వరసపెట్టి ఐర్లాండే గెలిచింది. మౌరీన్ ఆనందానికి అంతులేదు. మూడో ఏడాది, తొంభై నాలుగులో, లిథువేనియా అనే దేశం ఆ పోటీకి మొట్టమొదటిసారి వచ్చింది. అప్పుడప్పుడే సొంత జెండా ఎగరేసుకున్న చిన్న దేశం. వాళ్ళకి సున్నా.

లోవరాజు లేచి నిలబడ్డాడు. బజ్జీల పళ్ళెం ఒళ్ళోంచి జారిపడింది.

"మేడం, ఇది చాలా అన్యాయం! మొదటిసారి గడప తొక్కినోళ్ళు. పేరంటానికి పిలిచి బొట్టు పెట్టకుండా పంపేస్తారా? మీకు మూడుసార్లు ఇచ్చేరు, ఈళ్ళకి ఒక్క మార్కు ఇస్తే ఎవరి సొమ్ము పోద్ది?"

"మా పాట బాగుంది లోవరాజ్!"

"ఉంటే ఉండొచ్చండీ, నేను వినలేదు."

గదంతా గొల్లుమంది. మౌరీన్‌కి కోపం రావాలో నవ్వాలో తెలియక టీ పోసుకుంది. అంతటితో అయిపోయిందా? దేశాలు ఎక్కువైపోయాయని, కింద మిగిలినవాళ్ళు మరుసటి ఏడాది రాకూడదని ఒక రూలు ఉందని ఆవిడ నోరు జారింది. ఆ రోజు లోవరాజు లిఫ్టు ఎక్కలేదు. మెట్లు దబదబా దిగుతూ ప్రతి అంతస్తులోనూ ఆగి, కనబడినవాళ్ళకి ఈ దారుణం చెప్పుకుంటూ వచ్చాడు. రెండో అంతస్తు మలయాళీ అకౌంటెంటు, ఎవరికో ఉద్యోగం పోయిందనుకుని ఓదార్చాడట.

ఆ మీదట ఏటా ఇదే వరస. పాటలప్పుడు నిద్ర, మార్కులప్పుడు రుద్రతాండవం. జర్మనీకి ఒకే ఒక్క మార్కు వచ్చిన ఏడాది, "సున్నా అయినా నయమే, ఈ ముష్టి ఒకటి మొహాన కొట్టారు" అని అలిగాడు. ఆఖరున వచ్చిన దేశం ఆ ఏడాదంతా అతనికి చుట్టాల దేశం. టీవీ వార్తల్లో ఆ పేరు వినబడితే నాగేశ్వరి మిక్సీ ఆపేయాల్సిందే.

తొంభై ఏడులో నార్వేకీ పోర్చుగల్‌కీ, ఇద్దరికీ సున్నాలే. సరిగ్గా ఆ రోజుల్లో అయిదో అంతస్తులో నార్వే ఇంజనీరు ఒకాయన దిగాడు, ఓడలు బాగుచేసే యార్డులో పని. సంగతి తెలియగానే లోవరాజు ఇస్త్రీ చొక్కా వేసుకుని, నాగేశ్వరి చేత పులిహోర కలిపించి, డబ్బా పట్టుకుని పరామర్శకి బయలుదేరాడు. మొగుడు అక్కడేం వాగుతాడోనని ఆమె కూడా వెనకే వెళ్ళింది.

తలుపు తీసిన ఇంజనీరు ముందు లోవరాజు తల వంచుకుని నిలబడి, "సార్, వెరీ సారీ. యువర్ జీరో" అన్నాడు.

ఆయనకి అర్థం కావడానికి చాలాసేపు పట్టింది. అర్థమయ్యాక పకపకా నవ్వాడు. "ఓ, అదా! మాకు అలవాటే. అంతకుముందు కూడా సున్నాలు వచ్చాయి. అయినా మొన్నామధ్యే గెలిచాం కదా!"

"ఎప్పుడు?" అన్నాడు లోవరాజు అనుమానంగా. అతనికి నిజంగానే గుర్తులేదు.

పులిహోర ఆయనకిచ్చి కిందికి దిగారు. లిఫ్టులో లోవరాజు మొహం కందగడ్డలా ఉంది. "అలవాటే అంటాడేటే! ఎన్నేళ్ళు తొక్కేస్తే మనిషి నోట ఆ మాట వస్తదో ఆలోచించేవా?"

"ఆయన నవ్వుతున్నాడండీ."

"పైకి నవ్వుతాడే. లోపల ఎలాగుందో నీకేటి తెలుసు?"

నాగేశ్వరికి ఒళ్ళు మండింది. శుక్రవారం ఒక్కటే సెలవు. ఆ ఒక్క రోజూ తను నూనె ముందు నిలబడి బజ్జీలు వేసి, పులిహోర కలిపి, మొహం ఎరగని దేశాలకి సంతాపం తెలపాలి. సముద్రం ఒడ్డున కార్నిష్ మీద అలా కాసేపు నడుద్దామని ఎన్నాళ్ళుగానో అడుగుతోంది. సొంత పెళ్ళానికి మాత్రం ఒక్క మార్కు వెయ్యడు ఈ మనిషి అనుకుని కళ్ళు తుడుచుకుంది.

అప్పటిదాకా మార్కులు చాలామటుకు జడ్జీలే వేసేవారు. తర్వాత ఏడాదికి దాదాపు అన్ని దేశాల్లోనూ జనమే ఫోన్లు చేసి ఓట్లు వేసే పద్ధతి వచ్చింది. ఆ మాట విని లోవరాజు పొంగిపోయాడు. "చూసేవా! జడ్జీలకి జాలి లేదు కానీ జనానికి ఉంటది. ఇంక సున్నాలుండవు." కేసెట్టు కోసం మౌరీన్ కంటే ఎక్కువగా ఎదురుచూశాడు.

స్విట్జర్లాండ్‌కి సున్నా వచ్చింది.

ఆ రోజు అతను అరవలేదు. బజ్జీ చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నాడు. కిందికొచ్చాక మంచం మీద వాలి, "జనం కూడా అంతేనే" అన్నాడు. నాగేశ్వరి భయపడి నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

ఈలోగా మౌరీన్ ఇంట్లో పండగ కూడా మారిపోయింది. మొదట్లో వచ్చినవాళ్ళు పాటలు శ్రద్ధగా వినేవారు, కాయితాల మీద తామూ మార్కులు వేసుకునేవారు. మధ్యలో కొన్నేళ్ళు, అది ముసలివాళ్ళ కార్యక్రమం అని రావడం మానేశారు. మౌరీన్, లోవరాజు, నాగేశ్వరి, ముగ్గురే చూసేవారు. దశాబ్దం చివరికొచ్చేసరికి కుర్రకారు మళ్ళీ గుంపులుగా వచ్చారు, ఈసారి వెక్కిరించడానికి. పాడేవాళ్ళ బట్టలు చూసి నవ్వు, గొంతు విని నవ్వు. "వినడానికి వచ్చేరా, ఇకిలించడానికి వచ్చేరా?" అని లోవరాజు తెలుగులోనే గద్దించేవాడు. వాళ్ళు దానికీ నవ్వేవారు.

తొంభై తొమ్మిదిలో ఇంకో ఘోరం. వాద్యబృందాన్ని తీసేశారు. ఇక సంగీతమంతా టేపు మీదే. ఎవరి భాషలో పాడినా పర్వాలేదన్నారు, చాలామంది ఇంగ్లీషు అందుకున్నారు. పాటలప్పుడు నిద్రపోయే లోవరాజుకి ఇవేవీ తెలియనక్కర్లేదు. కానీ నిద్ర మధ్యలో కళ్ళు తెరిచి, "వాయించేవోళ్ళు ఏరీ?" అన్నాడు. మౌరీన్ సంగతి చెప్పింది.

"అంతమందినీ ఒక్కసారి ఖలాస్ చేసి పంపేసేరా? వాళ్ళని పనిలో పెట్టుకున్న కఫీల్ ఎవడు మేడం? నోటీసిచ్చేడా? ఇంటికి టిక్కెట్టిచ్చేడా?"

ఆ ఏడాది అతన్ని సముదాయించిన విషయం ఒక్కటే. లిథువేనియా మళ్ళీ వచ్చింది, ఆఖరున రాలేదు. ఆ పూట బజ్జీలన్నీ అతనే తిన్నాడు.

ఆ వేసవిలోనే బిల్డింగు గోడలకి ప్లాస్టరింగు మరమ్మతు పెట్టారు. పనిలోకి వచ్చిన మేస్త్రీల్లో ముత్తన్న ఒకడు. జగిత్యాల దగ్గర పల్లె. తాపీ ఆడిస్తూ, పరంజా మీద నిలబడి పొద్దస్తమానం పాడేవాడు. గొంతు అంతంతమాత్రం, పైకి వెళ్ళాల్సిన చోట జారేది, జారాల్సిన చోట ఆగిపోయేది. నాగేశ్వరి కిటికీలు మూసుకునేది. లోవరాజుకి పాటలన్నీ ఒకటే కనుక అతనికేం ఇబ్బంది లేదు. మధ్యాహ్నం పూట ముత్తన్నకి మజ్జిగ ఇచ్చేవాడు.

"అన్నా, మా క్యాంపుల పాటల పోటీ వెడుతున్రు. నేను పేరిచ్చిన" అన్నాడు ముత్తన్న పని అయిపోయే రోజున. "గల్ఫుకొచ్చి ఇన్నేండ్లాయె, ఎవ్వలూ నా పాట కూసుండి ఇనలే. నువ్వూ అక్కా రావాలె."

ఎండలు తగ్గాక ఒక శుక్రవారం సల్మాబాద్‌లో, గ్యారేజీల వెనక, కంపెనీ పనివాళ్ళు ఉండే క్యాంపులో ఆ పోటీ జరిగింది. మెస్ హాల్లో రంగుకాయితాలు కట్టారు. మలయాళీలు, నేపాలీలు, పాకిస్తానీలు, బంగ్లాదేశీలు, మనవాళ్ళు, అందరూ పాడారు. జడ్జీలు లేరు. ఒక్కో పాటకి జనం చేతులెత్తాలి, ఎన్ని చేతులైతే అన్ని మార్కులు. స్టోర్‌కీపర్ సోమరాజు మైకు పట్టుకుని లెక్క చెబుతున్నాడు. మనిషి భీమవరం వైపువాడు, మాటకారి.

ముత్తన్న తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. నాట్లప్పుడు వాళ్ళమ్మ పాడే పాట అని చెప్పి ఎత్తుకున్నాడు. మొదటి చరణం నడిచింది. రెండో చరణంలో గొంతు చీలింది. వెనక బెంచీలో ఎవరో మేకలా అరిచారు. హాలంతా నవ్వింది. ముత్తన్న మాట మరిచిపోయి, అదే మాట మళ్ళీ మళ్ళీ పాడి, ఆగిపోయాడు.

"చేతులెత్తండెహె!" అన్నాడు సోమరాజు.

ఒక్క చెయ్యీ లేవలేదు. కాదు, రెండు లేచాయి. రెండూ లోవరాజువే.

"అతిథుల చేతులు చెల్లవండోయ్!" అన్నాడు సోమరాజు మైకులో. "ముత్తన్నకి సున్నా!"

లోవరాజు వేదిక మీదికి దూకబోయాడు. నాగేశ్వరి చొక్కా పట్టుకుని ఆపింది. "మనుషులేనా మీరు? వాళ్ళమ్మ పాటంట్రా!" అని అరుస్తూనే ఉన్నాడు. ఇద్దరు వాచ్‌మన్లు వచ్చి, సాటి వాచ్‌మన్ కదా అని మర్యాదగానే బయటికి సాగనంపారు.

ఆ మర్నాటి నుంచి క్యాంపులో ముత్తన్న పేరు సున్నన్న. మెస్‌లో వరసలో నిలబడితే వేళ్ళు గుండ్రంగా చుట్టి చూపించేవారట. బస్సులో మేక అరుపులట. ముత్తన్న నలుగురితో తినడం మానేశాడు. పరంజా మీద నోరు తెరవడం మానేశాడు. ఒక రోజు హూరా వచ్చి లోవరాజు పక్కన కూర్చుని, "అన్నా, ఖలాస్. కంపెనోళ్ళ దగ్గరున్న నా పాస్‌పోర్టు అడిగిన. ఇంటికి వోత" అన్నాడు.

"ఊళ్ళో నీ ఇల్లు సగం గోడల మీదుందన్నావు కదరా."

"ఉండనియ్. సగం గోడలు నన్ను సూసి నవ్వయి కదా."

నాగేశ్వరి టీ ఇస్తూ ఆ మొహం చూసి, ఆ రోజు లోవరాజు ఇద్దరు వాచ్‌మన్లనీ కొట్టి ఉన్నా తప్పులేదనుకుంది.

ఆ తర్వాతి శుక్రవారం నుంచి లోవరాజు మాయమవడం మొదలైంది. పొద్దున్న మనామా బజారుకొచ్చిన క్యాంపు బస్సు తిరిగి వెళ్ళేటప్పుడు ఎక్కేవాడు. సాయంత్రం అదే బస్సు మళ్ళీ మనామా వస్తే దిగేవాడు. ఏం పని అంటే, "ముత్తన్నకి ఒంట్లో బాలేదే" అనేవాడు. వచ్చేటప్పుడు మాత్రం గొంతు పోయి వచ్చేవాడు. మాట పెగిలేది కాదు. నాగేశ్వరి మిరియాల పాలు కాచి ఇస్తూ కడిగేసేది.

"ఎవరితో పోట్లాడుతున్నారండీ అక్కడ? గొంతు అలా ఎందుకు పోద్ది?"

"ఎవరితోనూ లేదే" అని గాలిలా వచ్చేది జవాబు.

వారాలు గడిచాయి. ఒక రోజు క్యాంపు బస్సు డ్రైవర్ పేరయ్య బిల్డింగు ముందు కనబడి, "మీ ఆయన మా సల్మాబాద్‌లో చాలా ఫేమస్ అక్కా!" అన్నాడు. "శుక్రవారం వస్తే మావాళ్ళు సినిమాలు కూడా మానేసేరు. ఆయన్ని చూసి కడుపులు పట్టుకుని నవ్వడమే!"

నాగేశ్వరికి అరికాలి మంట నెత్తికెక్కింది. తను ఏమైనా అనొచ్చు. తిట్టొచ్చు, పప్పులో కారం పోయొచ్చు. ఊళ్ళో వాళ్ళెవరో తన మొగుడ్ని చూసి నవ్వడమా? ఆ వచ్చిన శుక్రవారం లోవరాజు వెళ్ళిన కాసేపటికి టాక్సీ మాట్లాడుకుని తనూ సల్మాబాద్ వెళ్ళింది.

మెస్ వెనక ఖాళీ జాగాలో గుంపు. పెయింటు డబ్బాలు బోర్లించి కూర్చున్నవాళ్ళు, పైపుల మీదెక్కి కూర్చున్నవాళ్ళు. మధ్యలో రెండు పరంజా చెక్కల మీద, మెడలో తువ్వాలుతో, కళ్ళు మూసుకుని, లోవరాజు పాడుతున్నాడు.

పెళ్ళై ఇన్నేళ్ళలో అతను పాడడం ఆమె వినలేదు. వినకపోవడమే తన అదృష్టమని ఇప్పుడు అర్థమైంది. తుప్పు పట్టిన షట్టరు పైకెత్తుతుంటే ఎలా ఉంటుందో అలా ఉంది. రాగం ఒకవైపు, మాటలు ఇంకోవైపు, ఊపిరి ఎక్కడో మధ్యలో. జనం పడిపడి నవ్వుతున్నారు. వాళ్ళందరిలోకీ గట్టిగా నవ్వుతున్నవాడు ముత్తన్న. కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ మరీ నవ్వుతున్నాడు.

పాట ముగిసింది, లేదా ఆగింది. సోమరాజు లేచి, "చేతులెత్తండెహె!" అన్నాడు. ఎవరూ ఎత్తలేదు. "లోవరాజు బాబాయికి, ఎప్పటిలాగే, సున్నా!"

చప్పట్లు, ఈలలు. "అన్యాయం! ఇది అన్యాయం!" అని లోవరాజు చెక్కల మీద గంతులు వేశాడు. వాళ్ళు మరింత నవ్వారు. ముత్తన్న చెక్క ఎక్కి, అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"అన్నా, గట్ల కాదే! దమ్ము ఆడ వట్టాలె. గిట్ల, ఇను."

అని నాట్ల పాట ఎత్తుకున్నాడు. గొంతు అదే గొంతు, పైకి వెళ్ళాల్సిన చోట జారింది. కానీ మొదటి నుంచి చివరిదాకా పాడాడు. అక్కడక్కడా చేతులు లేచాయి. ఎవరూ మేకలా అరవలేదు.

నాగేశ్వరికి ఇవేవీ పట్టలేదు. ఒకటే మాట చెవుల్లో గింగిరాలు తిరుగుతోంది. గుంపుని తోసుకుంటూ ముందుకొచ్చింది.

"ఎవడ్రా మా ఆయనకి సున్నా ఇచ్చింది?"

నవ్వులు ఆగిపోయాయి. పైపుల మీదవాళ్ళు దిగారు. సోమరాజు అడుగు వెనక్కి వేశాడు. లోవరాజు ఒక్క ఉరుకున వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని నీళ్ళ ట్యాంకు వెనక్కి లాక్కెళ్ళాడు.

"నువ్వెందుకొచ్చేవే?"

"సిగ్గులేదేటండీ మీకు? అంతమందిలో వెర్రివాడిలా... మీకు పాటలే పడవు కదా! ఇదేటి ఖర్మ?"

"మెల్లిగా మాట్లాడవే" అన్నాడు లోవరాజు బొంగురుగొంతుతో. అటు తొంగిచూసి, ముత్తన్నకి వినబడదని తేల్చుకున్నాక చెప్పాడు. "ఆఖరు అనేది ఒకటుంటే అందులో ఎవడో ఒకడు ఉండాలి కదే. ఎంత తిట్టినా ఆ జాగా ఖాళీగా ఉంచరు ఈళ్ళు. ముత్తన్న ఉంటే రోజూ అక్కడే తినాలి, అక్కడే పడుకోవాలి. నేనైతే సాయంత్రానికి బస్సెక్కి నీ దగ్గరికి వచ్చేస్తాను. నాకేటి నష్టం?"

నాగేశ్వరికి కబడ్డీ జట్టు గుమ్మంలో నిలబడిన రోజు గుర్తొచ్చింది.

"వాడు పాస్‌పోర్టు వద్దన్నాడే. నాకు పాట నేర్పాలని ఆగిపోయేడు" అన్నాడు లోవరాజు.

ఆమె కొంగుతో మొహం తుడుచుకుని బయటికొచ్చింది. అంతా అర్థమైంది. అర్థమైనా ఒళ్ళుమంట తగ్గలేదు. రెండూ ఒకేసారి ఉన్నాయి. తిన్నగా సోమరాజు దగ్గరికి వెళ్ళింది.

"అందరికీ మార్కులు చెబుతావు కదా తమ్ముడూ, నువ్వెప్పుడైనా పాడేవా?"

"నేనా? నేను మైకు మనిషినండీ అక్కా..."

"పాడు."

"అక్కా, నాకు..."

"యల్లా, కానీ! పాడు!"

క్యాంపంతా అదే మాట అందుకుంది. తప్పించుకునే దారిలేక సోమరాజు చెక్క ఎక్కాడు. నోరు తెరిచాడు. ఆ శబ్దానికి ట్యాంకు మీద వాలిన పావురాలన్నీ లేచిపోయాయి. ముత్తన్న చెవులు మూసుకుని, "ఓరి నాయనో, గీనకన్న లోవరాజన్న నయం!" అన్నాడు. ఆ మాటకి లోవరాజు మొహం మాడింది. తన స్థానానికి ఎసరొచ్చిందని అతనికి నిజంగానే దిగులు పట్టింది. వెంటనే చెక్క ఎక్కి, సోమరాజుని పక్కకి నెట్టి, రెట్టింపు గొంతుతో ఇంకో పాట ఎత్తుకున్నాడు. ఈసారి నాగేశ్వరి కూడా నవ్వింది. ఆపుకుందామన్నా ఆగలేదు.

సాయంత్రం బస్సులో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. కిటికీలోంచి చల్లగాలి వస్తోంది. పేరయ్యని కార్నిష్ దగ్గర ఆపమని లోవరాజే చెప్పాడు. కాసేపు నడిచి వెళదామన్నాడు, ఆమె అడగకుండానే.

బస్సు దిగబోయే ముందు అతను గొంతు సవరించుకుని, పక్కవాళ్ళకి వినబడకుండా అడిగాడు.

"నిజం చెప్పవే. ముత్తన్న అంత కష్టపడి నేర్పుతున్నాడు కదా, నా గొంతు కొంచెమైనా బాగుపడిందా?"

నాగేశ్వరి అతని మెడలో తువ్వాలు సరిగ్గా చుట్టింది.

"లేదు. బాగుపడితే ఉన్న ఉద్యోగం పోద్ది. అలాగే ఉంచండి."